ఎస్‌ఏ మార్కులు వచ్చాక స్కూల్లో ఏం చేయాలి: మార్కుల షీట్ నుంచి టైంటేబుల్ దాకా

ఎస్‌ఏ1 (సమ్మేటివ్ అసెస్‌మెంట్, అంటే కొన్ని నెలల సిలబస్ మీద పెట్టే పెద్ద పరీక్ష) అయిపోయింది, పేపర్లు దిద్దేశారు, సర్వర్ సతాయించినా ఎలాగోలా మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించేశారు. చాలా స్కూళ్లలో ఆ మార్కులతో పని అక్కడితో సరి. మళ్లీ వాటి మొహం చూసేది చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లోనే, ప్రొజెక్టర్ మీద ఎర్ర గళ్లు పచ్చ గళ్లు వేస్తారు, ఎర్ర గడి వచ్చిన స్కూల్ హెచ్‌ఎం లేచి నిలబడి ఈసారి చూసుకుంటాం సార్ అంటారు, టీ తాగి ఎవరి దారిన వాళ్లు. పిల్లాడికి మాత్రం మర్నాడు అదే పీరియడ్, అదే పాఠం, అదే బెంచీ.

ఆ మార్కుల్ని నిజంగా ఏదో ఒక నిర్ణయానికి వాడుకోవాలంటే ఎలా చేయాలో వరసగా చెప్తాను. ప్రైమరీ, అప్పర్ ప్రైమరీ, హైస్కూల్ ఎవరికైనా పనికొస్తుంది, ఉదాహరణలు మాత్రం ఎక్కువ లెక్కల్లోవే, నేను చెప్పేది ఆ సబ్జెక్టే కాబట్టి. మీకు కావాల్సినవి దిద్దిన పేపర్లు (మార్కుల లిస్టు చాలదు, పేపర్లే కావాలి, ఇంటికిచ్చేసి ఉంటే వెనక్కి తెప్పించుకోండి), ఒక గళ్ల కాగితం లేదా ఎక్సెల్, ఎవరూ పిలవని ఒక మధ్యాహ్నం.

1. చేతిలో ఉన్నది ఏ పరీక్షో ముందు తేల్చుకోండి

ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ సగం తప్పుడు నిర్ణయాలు ఇక్కడే పుడతాయి. ప్రతి పరీక్షా ఒక ప్రశ్నకు జవాబు చెప్పడానికి పెట్టింది, దాన్ని వేరే ప్రశ్న అడిగితే అది కూడా ఏదో ఒక అంకె ఇస్తుంది, అదే ప్రమాదం.

నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే తీసుకోండి. 2021 నవంబర్ 12న 3, 5, 8, 10 తరగతులకు పెట్టారు. దాని తర్వాత పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ అని 2024 డిసెంబర్ 4న 3, 6, 9 తరగతులకు పెట్టారు. ఇవి శాంపిల్ సర్వేలు. కొన్ని స్కూళ్లు, ఆ స్కూళ్లలో కొందరు పిల్లలు. వీటి రిపోర్టు జిల్లా గురించి మాట్లాడుతుంది, మీ స్కూల్ గురించి కాదు, మీ స్కూల్ శాంపిల్‌లో పడినా సరే. జిల్లాలో 6వ తరగతి పిల్లలకు భిన్నాలు రావట్లేదని తేలితే అది డైట్ (టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చే జిల్లా సంస్థ) వాళ్లు ట్రైనింగ్ దేని మీద పెట్టాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది. మా జిల్లాకు ఇంత వచ్చింది కాబట్టి ఫలానా స్కూల్ టీచర్ పని చేయట్లేదు అంటే మాత్రం ఆ రిపోర్టులో లేని మాట అన్నట్టే.

ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ కూడా అంతే, పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేసే సర్వే, దానిలో మీ ఊరి మార్కు వెతకొద్దు. కానీ వాళ్లు వాడే టూల్ మాత్రం బంగారం, దాని సంగతి కింద చెప్తా.

ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్ష), ఎస్‌ఏ మన స్కూల్ గురించే చెప్తాయి, కాకపోతే ఆ మూడు నాలుగు నెలల సిలబస్ వరకే. ఏడో తరగతి పిల్లాడికి లెక్కల్లో 80కి 22 వచ్చాయంటే వాడికి బీజగణితం రాదో, నాలుగో తరగతి గుణకారమే రాదో ఆ 22 చెప్పదు. బేస్‌లైన్ టెస్టులు (తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు అనే చదవడం, రాయడం, లెక్కల కార్యక్రమంలో పెట్టినలాంటివి) దీనికి ఉల్టా, పిల్లాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చెప్తాయి, సిలబస్ ఎంతవరకు వచ్చిందో చెప్పవు. ఇక పదో తరగతి పబ్లిక్ రిజల్ట్ వచ్చేసరికి ఆ పిల్లలు ఇంటర్ అడ్మిషన్ల కోసం తిరుగుతుంటారు, వాళ్ల కోసం మీరు చేయగలిగేది ఏమీ లేదు, వచ్చే బ్యాచ్‌కి ఏం మార్చాలో చూసుకోవడానికి తప్ప.

2. మార్కులు చూడకముందే నిర్ణయం రాసుకోండి

కాగితం మీద ఒక్క వాక్యం. ఉదాహరణకి, "వచ్చే ఆరు వారాలు 4, 5 తరగతుల లెక్కల పీరియడ్‌లో ఎవరిని ఎవరితో కూర్చోబెట్టాలి?" లేదా "సంక్రాంతి సెలవుల ముందు 8వ తరగతికి ఏ రెండు చాప్టర్లు మళ్లీ చెప్పాలి?" దాని కింద ఫలితం ఇలా వస్తే ఇది చేస్తాం, అలా వస్తే అది చేస్తాం అని రెండు లైన్లు. రెండు లైన్లలోనూ ఒకటే రాయాల్సి వచ్చిందనుకోండి, అంటే ఫలితం ఎలా వచ్చినా మీరు చేసేది మారదు, ఇక ఆ మార్కులతో కుస్తీ పట్టడం దండగ, ఆ మధ్యాహ్నం పాఠం చెప్పుకోండి.

"పిల్లల స్థాయి మెరుగుపరచడం" అని రాసుకోకండి, అది నిర్ణయం కాదు, ఇన్‌స్పెక్షన్ రిజిస్టర్‌లో రాసే వాక్యం.

3. లిస్టులో చెత్త ఏరేయండి

ఆబ్సెంట్ అయిన పిల్లలకు సున్నా వేసి సగటు తీయడం చాలాచోట్ల చూస్తాం. ఆబ్సెంట్ అంటే మనకు తెలియదు అని అర్థం, రాదు అని కాదు. ఆదోని, కోసిగి వైపు స్కూళ్లలో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు, మిరపకాయలు కోయడానికి కుటుంబాలు గుంటూరు వైపు కదిలితే పిల్లలూ కదులుతారు, వాళ్లు తిరిగొచ్చాక పెట్టిన పరీక్షలో తక్కువ వస్తే అది తెలివి సమస్య కాదు, పోయిన నెలల సమస్య, వాళ్లకి వేరే ప్లాన్ కావాలి. మధ్యలో చేరినవాళ్లు, నెలలో సగం రోజులు రానివాళ్లు, వీళ్ల పేర్ల పక్కన పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టండి చాలు.

ఇంకొకటి, మనం మాట్లాడుకోం గానీ అందరికీ తెలిసిందే. పక్కపక్కన కూర్చున్న నలుగురికి ఒకే తప్పు, అదీ ఎవరికీ రాని వింత తప్పు వచ్చిందంటే అది ఒకడి జవాబు, నలుగురిది కాదు. దానికి పిల్లల్ని నిలబెట్టి తిట్టక్కర్లేదు, ఆ నలుగురికి ఐదు నిమిషాలు విడిగా అడిగి చూస్తే అయిపోతుంది. అలాగే ఇన్విజిలేటర్ బోర్డు మీద "సాయం" చేసిన ప్రశ్న ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి, ఎవరికీ చెప్పొద్దులెండి, తీసేయండి అంతే.

4. ప్రశ్నల వారీగా గళ్లు వేయండి, అసలు పని ఇదే

మొత్తం మార్కుల వల్ల పెద్దగా ఏమీ తెలియదు. 40కి 20 వచ్చిన ఇద్దరు పిల్లలకు ఒక్క ప్రశ్న కూడా కామన్‌గా రాకపోయి ఉండొచ్చు, ఇద్దరినీ "బి గ్రేడ్" అని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్తే ఎవరో ఒకరికి అది వృథానే.

నిలువు వరసలో పిల్లల పేర్లు, అడ్డంగా ప్రశ్నల నంబర్లు. రాత ప్రశ్న అయితే వచ్చింది 1, రాలేదు 0, సగం అయితే సగం. ఓఎంఆర్ లేదా బిట్లు (ఆప్షన్లలో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు) అయితే 1, 0 వేయకండి, పిల్లాడు పెట్టిన ఆప్షన్ అక్షరమే రాయండి. ఎందుకో చూడండి.

5వ తరగతిలో 24 మంది ఉన్నారనుకోండి, 503 లోంచి 278 తీసివేయమని ప్రశ్న, ఆప్షన్లు ఎ 225, బి 235, సి 375, డి 781. సరైంది ఎ. ఏడుగురు ఎ పెట్టారు, నలుగురు బి, పదకొండు మంది సి, ఇద్దరు డి. పోర్టల్లో కనపడేది "29 శాతం" అని ఒక ఎర్ర గడి. మీ కాగితం మీద కనపడేది ఇది: సి పెట్టిన పదకొండు మందీ ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నారు, 8లోంచి 3 తీసి 5, 7లోంచి 0 తీసి 7, 5లోంచి 2 తీసి 3. పైదేదో కిందదేదో వాళ్లకి పట్టింపు లేదు, అప్పు తెచ్చుకోవాలన్న ఆలోచనే రాలేదు. బి పెట్టిన నలుగురు మాత్రం వాళ్లకంటే చాలా ముందున్నారు, అప్పు తెచ్చారు, సున్నా పది అయ్యిందని తెలుసు, ఆ పదిలోంచి ఒకటి ఒకట్లకి ఇచ్చేశాక తొమ్మిదే మిగులుతుందన్నది మర్చిపోయారు. వీళ్లకి పావుగంట చాలు. డి ఇద్దరూ కూడేశారు, గుర్తు చూడలేదో లేక తీసివేత అంటే ఏంటో తెలియదో, అడిగితే గానీ తెలియదు.

అంటే ఒకే ఎర్ర గడిలో మూడు రకాల పిల్లలు ఉన్నారు, ముగ్గురికీ మూడు వేరే పనులు. సి వాళ్లకి నోట్ బుక్ పక్కన పెట్టి పుల్లల కట్టలు, పది రూపాయల నోట్లు ఇచ్చి స్థాన విలువ నుంచి మొదలుపెట్టాలి, ఇంకో ఇరవై తీసివేతలు బోర్డు మీద రాసిస్తే ఇరవై సార్లు అదే తప్పు ప్రాక్టీస్ చేస్తారు, గట్టిపడిపోతుంది.

గళ్లు నిండాక కింద ఒక్కో ప్రశ్నకి ఎంతమందికి వచ్చిందో కూడండి. నాలుగు ఆప్షన్ల బిట్‌లో కళ్లు మూసుకుని పెట్టినా నాలుగో వంతు మందికి వచ్చేస్తుంది, 24 మందిలో ఆరుగురికి. కాబట్టి ఏడుగురికి వచ్చిందంటే ఏడుగురికి తెలుసని సంబరపడొద్దు. క్లాసులో ఇంచుమించు ఎవరికీ రాని ప్రశ్న అయితే అది పిల్లల సమస్య కాదు, ఆ పాఠం చెప్పలేదు, లేదా చెప్పింది ఎక్కలేదు, లేదా ప్రశ్నే తప్పు. మొత్తం క్లాసుకి మళ్లీ చెప్పండి. సగం మందికి వచ్చి సగం మందికి రాకపోతే గ్రూపు పని. ఇద్దరు ముగ్గురికే రాకపోతే ప్రేయర్ తర్వాత పది నిమిషాలు వాళ్లతో కూర్చోండి, క్లాసంతా ఆపక్కర్లేదు. ఇక మీ ఫస్ట్ బెంచీ పిల్లలందరికీ తప్పయ్యి వెనకవాళ్లకి రైటయిన ప్రశ్న ఏదైనా కనపడితే వెంటనే జవాబుల కీ చూసుకోండి, పదిలో తొమ్మిది సార్లు కీ తప్పో, ప్రశ్న రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉందో అయి ఉంటుంది.

ఒక అభ్యసన ఫలితానికి (అంటే పిల్లాడికి రావాల్సిన ఒక్కో నైపుణ్యానికి) ఒకే ప్రశ్న ఉంటే దాని మీద తీర్పు చెప్పకండి, కనీసం మూడు నాలుగు ఉండాలి. పేపర్లో లేకపోతే స్లిప్ టెస్ట్ పెట్టుకోండి, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

5. శాతాలకి భయపడకండి, మురిసిపోకండి కూడా

మన స్కూళ్లలో చాలా తరగతుల్లో పాతిక మంది కూడా ఉండరు. 18 మంది ఉన్న క్లాసులో పోయినేడు 13 మంది పాస్, 72 శాతం. ఈ ఏడు 12 మంది పాస్, 67 శాతం. ఐదు శాతం పడిపోయిందని మీటింగ్‌లో సంజాయిషీ అడుగుతారు. పడిపోయింది ఒక్క పిల్లాడు. ఆ రోజు వాడికి జ్వరం అయి ఉండొచ్చు. పైగా పోయినేటి పిల్లలు వేరు, ఈ ఏటి పిల్లలు వేరు. చిన్న క్లాసుల్లో శాతాలు రాయడమే మానేసి "18లో 12" అని రాయండి, మీటింగ్‌లో కూడా అలాగే చదవండి, వాదన సగం తగ్గిపోతుంది.

ఒకే పిల్లాడికి ఎఫ్‌ఏలో 20కి 13 వచ్చి తర్వాతి దాంట్లో 11 వస్తే ఇంటికి ఫోన్ చేసేయకండి. అంత చిన్న పరీక్షలో ఒకటి రెండు మార్కులు ఊరికే అటూ ఇటూ ఊగుతాయి. వరసగా మూడు పరీక్షల్లో దిగితే అప్పుడు పట్టించుకోండి.

6. పిల్లాణ్ణి పిలిచి ఐదు నిమిషాలు అడగండి

కాగితం ఎక్కడిదాకా చెప్తుందో అక్కడిదాకే. గళ్లలో మీకు అనుమానం వచ్చిన ఆరేడుగురిని ఒక్కొక్కరిగా పిలిచి, అదే ప్రశ్న మీ ముందు చేయమనండి, చేస్తూ పైకి చెప్పమనండి. మీరు మధ్యలో నోరు మెదపొద్దు, ఇదే అన్నిటికంటే కష్టం, టీచర్లం కదా.

రాత లెక్కల విషయంలో ఇంకో పరీక్ష కూడా చేయండి. ఇంగ్లీష్ మీడియం వచ్చాక ఇది మరీ ముఖ్యం. పిల్లాడికి తప్పయిన ప్రశ్నని మీరే తెలుగులో చదివి చెప్పండి. "నీ దగ్గర 503 రూపాయలున్నాయి, షాపులో 278 ఇచ్చేశావు, ఎంత మిగిలింది?" టకీమని చెప్పేశాడా, వాడికి లెక్క వచ్చు, ఇంగ్లీషులో ప్రశ్న చదవడం రాలేదు. వాడిని లెక్కల రెమిడియల్‌లో (వెనకబడ్డవాళ్లకి పెట్టే ప్రత్యేక క్లాసులో) కూర్చోబెడితే వాడికి వచ్చిందే మళ్లీ చెప్పి వాడికి లేని అనుమానం కొత్తగా పుట్టిస్తారు. ఏపీలో టెక్స్ట్‌బుక్ ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది కదా, ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదివించే పని ఇంగ్లీష్ టీచర్‌తో కలిసి చేయండి.

చిన్న తరగతులైతే అసర్ టూల్ వాడండి, ఒక్క కాగితమే. చదవడానికి అక్షరాలు, పదాలు, 1వ తరగతి స్థాయి చిన్న పేరా, 2వ తరగతి స్థాయి కథ. లెక్కలకి 1 నుంచి 9 అంకెలు, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగహారం. పిల్లాడికి నాలుగైదు నిమిషాలు. హైస్కూల్ వాళ్లు ఇది మాకెందుకు అనుకోకండి, 6వ తరగతిలో చేరిన వారంలో ఒకసారి చేసి చూస్తే ఏడాదంతా ఎక్కడ కుస్తీ పడబోతున్నారో ముందే తెలుస్తుంది.

7. గ్రూపులు చేయండి, కానీ సెక్షన్లు చేయకండి

ఇప్పుడు 2వ మెట్టులో రాసుకున్న వాక్యం తీయండి. రోజుకి ఒక గంట, 3, 4, 5 తరగతుల పిల్లల్ని తరగతి పేరు పక్కన పెట్టి మెట్టు ప్రకారం కూర్చోబెట్టండి, అక్షరాల దగ్గరున్నవాళ్లు ఒకచోట, పేరా చదివేవాళ్లు ఒకచోట. ఇద్దరు టీచర్ల స్కూలైతే రెండు గ్రూపులే చేయండి, అయిదు గ్రూపులు కాగితం మీద బాగుంటాయి గానీ నడవవు. బాగా వెనకబడ్డ గ్రూపుని స్కూల్లో బాగా చెప్పే టీచర్‌కి ఇవ్వండి, మామూలుగా జరిగేది దీనికి ఉల్టా, కొత్తగా వచ్చిన విద్యా వాలంటీర్‌కి అప్పజెప్తారు. మిగతా రోజంతా పిల్లలు వాళ్ల తరగతిలోనే ఉంటారు.

ఆరు వారాల తర్వాత గ్రూపులు మళ్లీ కలపాలి, ఈ తేదీ మొదటి రోజే బోర్డు మీద రాసేయండి. ఎ సెక్షన్ బ్రైట్, సి సెక్షన్ డల్ అని ఏడాదికి సరిపడా విడగొడితే సి సెక్షన్ పిల్లలు, టీచర్లు, చివరికి ఆయమ్మ కూడా ఆ మాట నమ్మేస్తారు, తర్వాత మార్కులు కూడా దాని ప్రకారమే వస్తాయి.

8. పదో తరగతి దగ్గర ఒక ట్రాప్ ఉంది

ప్రీ-ఫైనల్ మార్కులు రాగానే 28 నుంచి 34 మధ్య ఉన్నవాళ్లని వేరే తీసి స్పెషల్ క్లాసులు పెట్టడం మనకి అలవాటు, 35 దాటించేస్తే పాస్ శాతం పెరుగుతుంది కాబట్టి. 12, 15 వచ్చినవాళ్లు ఎలాగూ దాటరని వదిలేస్తారు, 60 వచ్చినవాడికి ఎలాగూ పాసే అని వదిలేస్తారు. అమెరికాలో 2002లో నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం వచ్చి స్కూళ్లకి టార్గెట్లు పెట్టాక అక్కడా అచ్చం ఇదే జరిగింది, గీత దగ్గరున్న పిల్లల మీదే టీచర్ల టైం అంతా పోయింది. ఇంకా ముదిరినచోట అట్లాంటాలో 2009 నాటి పరీక్షల్లో జవాబులు చెరిపి మార్చిన కేసులో 2015లో 11 మందిని కోర్టు దోషులుగా తేల్చింది. అంకెని బట్టి ఉద్యోగం ఊగుతుంటే మనుషులు పాఠం కంటే ముందు అంకెనే బాగుచేసుకుంటారు, అది అక్కడైనా ఇక్కడైనా.

పై నుంచి టార్గెట్ వస్తుంది, తప్పదు, నాకూ తెలుసు. చేయగలిగింది ఏంటంటే 12 వచ్చినవాళ్లకి కూడా గళ్లు వేసి చూడటం. వాళ్లలో కొందరు రాత ప్రశ్నలు ముట్టుకోకుండా తెల్లకాగితం ఇచ్చి బిట్లలో మాత్రం సగం రాబట్టి ఉంటారు, వాళ్లకి విషయం కొంత తెలుసు, రాయడం భయం. రోజుకి ఒక్క జవాబు పూర్తిగా రాయించండి. నిజంగా ఏమీ రానివాళ్లకి మార్చిలో మేలుకుంటే ఏమీ కాదు, వాళ్లని 8వ తరగతిలోనే పట్టుకోవాలి, అందుకే ఈ గళ్లు 8 నుంచే వేయమంటున్నా.

9. టీచర్లతో, తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలి

హెచ్‌ఎంలకి: ఒక టీచర్ సగటుని ఇంకో టీచర్ సగటుతో పోల్చి స్టాఫ్ రూంలో చదవకండి. ఎవరి దగ్గర ఏ పిల్లలు ఉన్నారో ఆ సగటులో ఉండదు. దాని బదులు గళ్ల కాగితం టేబుల్ మీద పెట్టి "ఈ నాలుగో ప్రశ్న మీ క్లాసులో అందరికీ వచ్చింది, మా క్లాసులో ఎవరికీ రాలేదు, ఎలా చెప్పారు మేడం?" అని అడగండి. స్టాఫ్ మీటింగ్ పని చేసేది ఈ ఒక్క ప్రశ్న దగ్గరే.

పేరెంట్స్ మీటింగ్‌లో ర్యాంకు చెప్పకండి, నోటీసు బోర్డు మీద మార్కులు అంటించకండి. "మీవాడు వీక్ అమ్మా" అంటే ఆ తల్లి ఇంటికెళ్లి చేసేది ఒక్కటే, వాణ్ణి కొట్టడం. "మీ బాబు కూడికలు బాగా చేస్తున్నాడు, సున్నా వచ్చిన తీసివేత దగ్గర ఆగుతున్నాడు, షాపుకి పంపినప్పుడు చిల్లర వాడితోనే లెక్కపెట్టించండి" అంటే చదువు రాని తల్లి కూడా చేయగలదు.

10. మళ్లీ కొలవండి

ఆరు వారాలయ్యాక అదే పేపర్ మళ్లీ పెట్టకండి, జవాబు గుర్తుండిపోతుంది. అదే తరహా ప్రశ్న, అంకెలు మార్చి. 604 లోంచి 367 తీసివేయమనండి, ఆప్షన్లలో 237తో పాటు 247, 363, 971 పెట్టండి, పాత తప్పులు ఇంకా ఎవరి దగ్గరున్నాయో వాటంతటవే బయటపడతాయి. పోయినసారి సి పెట్టిన పదకొండు మందిలో ఇప్పుడు 363 పెట్టింది ఎంతమంది, 247కి వచ్చింది ఎంతమంది అని చూడండి. 247 తప్పు జవాబే, పోర్టల్లో దానికి సున్నానే పడుతుంది, అయినా 363 నుంచి 247కి వచ్చిన పిల్లాడు నేర్చుకున్నాడు.

కదలిక లేకపోతే పిల్లల్ని మార్చకండి, పద్ధతి మార్చండి, లేదా గ్రూపు ఇచ్చిన టీచర్‌ని మార్చండి. ఆ గళ్ల కాగితాలు మాత్రం మీ బ్యాగులో కాకుండా ఆఫీసు బీరువాలో తరగతి వారీగా పెట్టించండి, ఎండాకాలంలో ట్రాన్స్‌ఫర్ వస్తే జూన్‌లో ఆ క్లాసుకి వచ్చే కొత్త టీచర్‌కి మొదటి రోజే కావాల్సింది అవే.